పొట్టి తీగే తాళం: పాత యంత్రాలు నెట్‌వర్క్‌లోకి వచ్చాక

ధాన్యం బస్తాల లారీ వేబ్రిడ్జి మీదికి ఎక్కి ఆగుతుంది. పక్క గదిలో ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఒక చోట నిలబడతాయి. ఆ అంకెలు చూపించే డబ్బాను ఇండికేటర్ అంటారు. దాని వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అక్కణ్ణుంచి బల్ల మీది కంప్యూటర్‌కు ఒక తీగ. చీటీ మీద అచ్చయ్యే బరువు ఆ తీగలోంచే వస్తుంది.

కంప్యూటర్ పాడైన రోజున చిక్కు మొదలవుతుంది. కొత్తగా కొన్నదానికి ఆ తొమ్మిది పిన్నుల సాకెట్ ఉండదు. కాటాలో మాత్రం ఏ లోపమూ లేదు. ఆస్పత్రి ల్యాబుల్లో రక్తం పరీక్షించే అనలైజర్లు, కాలేజీ ప్రయోగశాలల్లోని త్రాసులు, ఫ్యాక్టరీల్లోని కరెంటు మీటర్లు చాలావాటిదీ ఇదే కథ. ఇలాంటి పరికరాలు ఇరవై ఏళ్లయినా పనిచేస్తాయి. కంప్యూటర్ అయిదారేళ్లకే పాతబడుతుంది. ఈ రెంటి మధ్య అతుకు వేసే పెట్టే సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్. అరచేతిలో పట్టే ఆ పెట్టెకు ఒక పక్క పాత సాకెట్, ఇంకో పక్క నెట్‌వర్క్ కేబుల్ సాకెట్ ఉంటాయి. పక్కనే ఉన్న ఒక్క కంప్యూటర్‌కు కలపడానికైతే చవకైన యూఎస్‌బీ తీగ చాలు. లెక్కలు చూసే కంప్యూటర్ వేరే గదిలోనో, వేరే ఊళ్లోనో ఉన్నప్పుడు ఈ పెట్టె కావాలి.

పాత సాకెట్‌లో నడిచే భాష పేరు ఆర్‌ఎస్-232. అమెరికాలో 1960లో వచ్చిన ప్రమాణం ఇది. బిట్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా పోతాయి కాబట్టే దీన్ని సీరియల్ అన్నారు. తీగలో రుణ వోల్టేజీ ఉంటే 1, ధన వోల్టేజీ ఉంటే 0. మాట్లాడేదేమీ లేనప్పుడు తీగ 1 దగ్గరే ఉండిపోతుంది. అక్షరం పంపబోతూ ముందుగా ఒక 0 పంపుతుంది; ‘ఇదిగో వస్తున్నా’ అని చెప్పడమన్నమాట. తర్వాత ఎనిమిది బిట్ల అక్షరం, చివర ముగింపు బిట్ ఒకటి. మొత్తం పది బిట్లు. సెకనుకు 9600 బిట్ల వేగంతో 960 అక్షరాలు వెళ్తాయి. లారీ బరువు 18450 కిలోలైతే ఆ అయిదంకెలు పోవడానికి అయిదు మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. నేటి నెట్‌వర్క్‌ల పక్కన ఇది నత్తనడకే. కానీ లారీని తూచడానికి అంతకంటే వేగం ఏం చేసుకుంటారు?

ఇందులో గడియారానికి వేరే తీగ లేదు. వేగం ఎంతో రెండు వైపులా ముందే ఒప్పుకొని ఉండాలి. ఒకరు 9600 అని, మరొకరు 2400 అని అనుకుంటే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్ బిగించిన మొదటి రోజు చాలామందికి ఎదురయ్యేది ఇదే. రెండోది, పంపే పిన్ను ఎదుటి పంపే పిన్నుకే తగలడం. అప్పుడు తీగల్లో 2, 3 పిన్నుల్ని అటుదిటు మార్చాల్సి వస్తుంది.

కన్వర్టర్ లోపల చిన్న ప్రాసెసర్ ఉంటుంది. సీరియల్ వైపు వచ్చిన అక్షరాలను పోగు చేసి, ప్యాకెట్‌గా కట్టి, నెట్‌వర్క్‌లోకి వదులుతుంది. అవతలి కంప్యూటర్‌లో ఒక డ్రైవర్ ఉత్తుత్తి సీరియల్ పోర్టును సృష్టిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ మామూలు తీగతోనే మాట్లాడుతున్నాననుకుంటుంది. కాటా కూడా అంతే. మధ్యలో ఏం మారిందో రెంటికీ తెలియదు.

అయితే అన్ని పరికరాలూ ఇంత తేలిగ్గా మోసపోవు. మోడ్‌బస్ సంగతి చూడండి. మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చిన ఈ పద్ధతిని కరెంటు మీటర్లు, పంపులు, మోటార్ల డ్రైవ్‌లు ఇప్పటికీ వాడుతున్నాయి. సీరియల్ తీగ మీద నడిచే ఒక రకం మోడ్‌బస్‌లో సందేశం అయిపోయిందని చెప్పేది మౌనమే. మూడున్నర అక్షరాలు పట్టేంతసేపు తీగ ఊరుకుంటే మాట ముగిసినట్టు లెక్క. ఇక్కడ అక్షరానికి పదకొండు బిట్లు. 9600 వేగంతో ఆ మౌనం నాలుగు మిల్లీసెకన్లు.

నెట్‌వర్క్‌లో అంత సూక్ష్మమైన మౌనం నిలవదు. ప్యాకెట్లు ఒకసారి ముందు, ఒకసారి వెనక చేరుతుంటాయి. కన్వర్టర్ తొందరపడి సందేశాన్ని రెండు ముక్కలుగా పంపిందంటే, మధ్యలో పడిన జాగాను చూసి మీటర్ మాట అయిపోయిందనుకుంటుంది. సగం మాటను తప్పుగా ఎంచి పారేస్తుంది. కేబుల్ బాగానే ఉంది, దీపాలు వెలుగుతున్నాయి, రీడింగ్ మాత్రం రాదు. ఎన్నాళ్లు వెతికినా ఇలాంటి లోపం కంటికి కనిపించదు. అందుకే మంచి కన్వర్టర్లు మౌనం వచ్చేదాకా ఆగి, మొత్తం సందేశాన్ని ఒకే ప్యాకెట్‌లో పెడతాయి. కొన్ని ఇంకో అడుగు వేసి, సందేశం పొడవెంతో మొదట్లోనే రాసి ఉండే మోడ్‌బస్ టీసీపీలోకి మార్చి పంపుతాయి.

ఇదంతా సెట్టింగులతో తేలిపోయే గొడవ. అలా తేలనిది ఇంకొకటుంది.

ఆర్‌ఎస్-232 తీగ పొడవు సుమారు 15 మీటర్లు దాటకూడదని పాత ప్రమాణం చెప్పింది. దాని తర్వాత వచ్చిన ఆర్‌ఎస్-485 దాదాపు 1200 మీటర్లు పోతుంది. ఎంత పోయినా ప్రహరీ గోడ లోపలే. ఆ తీగతో మాట్లాడాలంటే ముందు ఆ గదిలోకి రావాలి. అందుకే ఆ రోజుల్లో ఈ పరికరాలకు పాస్‌వర్డ్ పెట్టాలన్న ఆలోచనే రాలేదు. మోడ్‌బస్‌లో ఆజ్ఞ ఇస్తున్నది ఎవరని అడిగే ఏర్పాటే లేదు. తీగ పొట్టిగా ఉండడమే తాళం. కన్వర్టర్ దూరాన్ని తీసేసింది, దాంతో తాళమూ పోయింది.

అది ఎంతగా పోయిందో 2013లో భద్రతా పరిశోధకుడు హెచ్.డి. మూర్ చూపించారు. ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టి, బయటి ప్రపంచానికి నేరుగా కనిపిస్తున్న ఇలాంటి సీరియల్ సర్వర్లు లక్షకు పైగా ఉన్నాయని తేల్చారు. వాటిలో వేల సంఖ్యలో పెట్టెలు ఏ పాస్‌వర్డూ అడగకుండానే వెనకున్న పరికరాన్ని చేతికిచ్చేస్తున్నాయి.

వేబ్రిడ్జి విషయంలోనూ ఆలోచించాల్సింది ఇదే. తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసేది యంత్రానికి. యంత్రం దాటి తీగలోకి వచ్చిన అంకెకు ఏ ముద్రా ఉండదు. అది ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లోనే ప్రయాణిస్తుంది. దారిలో దూరినవాడు దాన్ని మార్చనూ గలడు.

కన్వర్టర్ బిగించేటప్పుడు ఇవన్నీ మనసులో పెట్టుకుంటే పని కష్టమేం కాదు. ఆఫీసు కంప్యూటర్లూ వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో కాకుండా దాన్ని విడిగా పెట్టాలి. ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చిన మాట వినాలో పెట్టె సెట్టింగుల్లో రాయొచ్చు. ఆ చోటును ఖాళీగా వదలకూడదు. పక్క ఊరి నుంచి చూడాలంటే వీపీఎన్ ద్వారానే రావాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాలి. వాడని టెల్నెట్‌ను ఆపేయాలి. పెట్టెను నడిపే ఫర్మ్‌వేర్‌ను ఎవరు పడితే వాళ్లు మార్చే వీలుండకూడదు.

చివరి మాటను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఉక్రెయిన్ చూసింది. 2015 డిసెంబరు 23న చొరబాటుదారులు మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి దూరి, సబ్‌స్టేషన్ల బ్రేకర్లను తెరిచేశారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అంతటితో ఊరుకోకుండా, కంట్రోల్ రూముకూ బ్రేకర్లకూ మధ్యనున్న సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను చెరిపి పనికిరాని ఫర్మ్‌వేర్ ఎక్కించారు. పెట్టెలు చచ్చిపోయాయి. దూరం నుంచి బ్రేకర్ వేసే దారి మూసుకుపోయింది. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి, చేత్తో బ్రేకర్లు వేస్తే కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది. చెడిన కన్వర్టర్లను మాత్రం బాగుచేయడం కుదరలేదు, కొత్తవి తేవాల్సిందే. అవి వచ్చేదాకా వారాల తరబడి చేత్తోనే నడిపారు.

కాబట్టి కన్వర్టర్ కొనేటప్పుడు రెండు కొని, రెండోదానిలోనూ అవే సెట్టింగులు ఎక్కించి, ఆ సెట్టింగుల కాగితంతో సహా బీరువాలో పెట్టడం దండగ ఖర్చు కాదు. కాగితం మీద వేగం ఎంతో, ఏ పిన్ను ఎక్కడికి పోయిందో తప్పకుండా రాసి ఉండాలి.