పీలమేడు గగనమున విమాన ఛాయాగ్రహణము

కోయంబత్తూరునకు తూర్పున నున్న పీలమేడు తరతరములుగా తెలుగు కుటుంబములకు నెలవు. ప్రత్తి సేద్యమును, నూలు మిల్లులును ఈ యూరికి పేరు తెచ్చినవి. 1940లో విమానాశ్రయము వెలసిన పిమ్మట విమానమును ఈ యూరి దృశ్యములలో నొకటైనది. ఎగురుచున్న విమానమును ఛాయాచిత్రముగా తీయగోరువారు గాలి, వెలుగు, వేగము అను మూడింటి స్వభావము నెఱుగవలెను.

విమానము గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. ఇచ్చటి రన్‌వే ఈశాన్యమునుండి నైరుతికి సాగియున్నది. నైరుతి ఋతుపవనకాలమున పాలఘాటు కనుమ గుండ పడమటి గాలి బలముగా వీచును. అట్టి గాలిలో విమానము ఈశాన్యము వైపునుండి వచ్చి దిగును. పొలములో తూర్పారబట్టిన రైతునకు ఈ గాలి క్రొత్తది కాదు.

ఉదయమున రన్‌వేకు ఆగ్నేయమునను, సాయంకాలమున వాయవ్యమునను నిలిచినచో సూర్యుడు వెనుకనుండును. నడిమధ్యాహ్నమున విమానపు అడుగుభాగము నల్లబడును. నేలవేడికి గాలి అలలాడి చిత్రము చెదరును.

జెట్ విమానమునకు షట్టరు వేగము సెకనులో 1/1000 వంతు చాలును. ఏ.టి.ఆర్-72 వంటి ప్రొపెల్లరు విమానమునకు అది తగదు. ఆరు రెక్కల ప్రొపెల్లరు నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచున్నప్పటికిని, ఆ స్వల్పకాలమున ఏడు డిగ్రీలే కదలును. చిత్రమున రెక్కలు ఆగిపోయినట్లుండును. 1/125 వంతున 58 డిగ్రీలు కదలుటచే తిరుగుడు కనబడును. అప్పుడు కెమెరాను విమానముతో సమానముగా త్రిప్పుచు మీట నొక్కవలెను.

దూరమును సరిగా కుదుర్చుటయు ముఖ్యమే. సినిమా కెమెరాలకు దూరమును సవరించు సాధనమును కల్పించిన జి.డి. నాయుడు (1893–1974) ఈ ప్రాంతపు కలంగల్ గ్రామమున పుట్టిన తెలుగువాడే. 1936లో లండనునందు అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయముగా చిత్రించెను.

ఈ విద్యకు హద్దులును కలవు. 1937 నాటి విమాన నియమములలో 13వది ప్రభుత్వ విమానాశ్రయమున అనుమతి లేక ఛాయాచిత్రములు తీయుటను నిషేధించినది. సమీపముననే సూలూరు వాయుసేనా స్థావరము కలదు. కావున గోడకు వెలుపల, బహిరంగస్థలమున నిలిచి తీయుట మేలు. కావలివారు వలదన్నచో మానుట ధర్మము.

తుదకొక మాట. ఆకాశమును మాత్రమే తీసినచో ఆ విమానము ఏ యూరిదో ఎవ్వరును చెప్పజాలరు. 2012లో అంతర్జాతీయ హోదా నందిన ఈ విమానాశ్రయపు విస్తరణకై చుట్టుపట్ల భూమి సేకరింపబడినది. నేటి కొబ్బరిచెట్టు, మిద్దె, చేను రేపు ఉండకపోవచ్చును. విమానము క్రింద వానికిని చోటిచ్చిన చిత్రమే మన సంతతికి పీలమేడును చూపగలదు.