నది దాటిన బంతి

ముర్రే నదికి ఉత్తరపు గట్టున కొరోవా, దక్షిణపు గట్టున వాగున్యా. రెంటినీ కలుపుతూ 1892లో జాన్ ఫోర్డ్ వంతెన వచ్చింది. మనుషులు హాయిగా నడిచిపోయేవారు. సరుకు దాటితే మాత్రం సుంకం కట్టాల్సిందే. అటు న్యూ సౌత్ వేల్స్, ఇటు విక్టోరియా. ఆస్ట్రేలియా అనే దేశం ఇంకా పుట్టలేదు. ఎవరి పన్నులు వారివి, చివరికి రైలు పట్టాల వెడల్పు కూడా ఎవరిది వారిదే. సరిహద్దు ఊరైన ఆల్బరీలో దిగి వేరే రైలెక్కే అవస్థ 1962 దాకా తీరలేదు.

1893లో కొరోవాలో ఒక సభ జరిగింది. జనం ఎన్నుకున్న ప్రతినిధులు రాజ్యాంగం రాయాలని, దాన్ని మళ్లీ జనం ఓటుకే పెట్టాలని తీర్మానించింది. దేశం ఏర్పడే దారిలో అది పెద్ద మలుపు. అదే ఏడాది అదే పరిసరాల్లో ఒవెన్స్ అండ్ ముర్రే ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. పేరులోనే రెండు నదులు. దేశం కలవడానికి 1901 దాకా పట్టింది. ఈ ఆట మాత్రం సరిహద్దును లెక్కచేయకుండా రెండు గట్ల ఊళ్లనూ ఒకే పోటీలోకి తెచ్చుకుంది. నన్ను ఈ లీగ్ వైపు లాగింది ఆ సంగతే.

ఇది మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, క్రికెట్ మైదానమంత పచ్చిక, జట్టుకు 18 మంది. చేత్తో పట్టొచ్చు, పిడికిలితో గుద్ది తోటివాడికి అందించొచ్చు, కాలితో తన్నొచ్చు. చివర నాలుగు స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. న్యూ సౌత్ వేల్స్‌లో చాలా భాగం రగ్బీదే రాజ్యం. ముర్రే గట్టు ఊళ్లకు సిడ్నీ కంటే మెల్‌బోర్న్ దగ్గర కాబట్టి ఈ ఆటే అబ్బింది.

ఆల్బరీలో పుట్టిన హేడన్ బంటన్ ఆ నేల పంటే. అతను ఎదిగేనాటికి ఆ ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బులు చర్చిని బట్టి చీలి ఉండేవి. సెయింట్ ప్యాట్రిక్స్ కేథలిక్కుల జట్టు, అవతలిది ప్రొటెస్టెంట్లది. ఆ గొడవ ముదిరి, ఊరిని తూర్పు, పడమరలుగా పంచి కొత్త జట్లు కట్టాల్సి వచ్చింది. మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్ క్లబ్ బంటన్‌కు నిబంధనలు దాటి డబ్బు ఇవ్వజూపిందని 1930లో అక్కడి లీగ్ అతన్ని ఆడనివ్వలేదు. మరుసటి ఏడాది అడుగుపెట్టి 1931, 1932, 1935లలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలుచుకున్నాడు.

పల్లె నుంచి పట్నానికి ఆటగాళ్లు పోవడం అన్నిచోట్లా ఉన్నదే. ఇక్కడ ఎదురు ప్రవాహం కూడా నడిచింది. మెల్‌బోర్న్ లీగ్ ఆటగాళ్ల డబ్బుకు గట్టి పరిమితి పెట్టింది. మంచి ఆటగాడికి అంతకంటే ఎక్కువిచ్చి, బతుకుతెరువు కూడా చూపించగల పల్లె క్లబ్బులు ఉండేవి. మెల్‌బోర్న్ కాలింగ్‌వుడ్ జట్టు ప్రాణం అనదగ్గ బాబ్ రోజ్ 1956లో ఈ లీగ్‌లోని వాంగరాటా రోవర్స్‌కు ఆటగాడిగా, కోచ్‌గా వచ్చేశాడు. అప్పటికి అతనికింకా ముప్ఫై నిండలేదు. రోవర్స్ లీగ్‌లో చేరి ఆరేళ్లే. అతని నాయకత్వంలో 1958, 1960లలో కప్పు కొట్టింది. ఒకే ఊళ్లో వాంగరాటా అనే పాత క్లబ్ కూడా ఉంది కాబట్టి ఆ గెలుపుకు రుచి రెట్టింపై ఉంటుంది. రోజ్ 1964లో కోచ్‌గా కాలింగ్‌వుడ్‌కు తిరిగి వెళ్లాడు. అతను నాటిన పట్టుదల మాత్రం ఆ ఊళ్లోనే వేళ్లూనిందంటాను. 1971, 1979ల మధ్య రోవర్స్ ఏడు కప్పులు ఎత్తుకెళ్లింది.

మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి కారులో వెళ్లే మన తెలుగు కుటుంబాలు హ్యూమ్ హైవే మీద వాంగరాటా, ఆల్బరీ బోర్డులు చూస్తూ సాగిపోతుంటాయి. చలికాలపు శనివారం దారి మళ్లించి ఒక గంట ఆగితే బాగుంటుంది. మైదానం చుట్టూ కార్లు మూతి లోపలికి పెట్టి నిలబడి ఉంటాయి, గోల్ పడితే హారన్లు మోగుతాయి. పక్కనే ఆడపిల్లల నెట్‌బాల్. తాత, కొడుకు, మనవరాలు ఒకే క్లబ్ రంగులు వేసుకుని కనిపించే చోటది.

ఆ చోటు చిక్కిపోతోంది. పొలంలో యంత్రాలు పెరిగి కుటుంబాలు తగ్గాయి, పిల్లలు చదువుకని నగరాలకు పోయారు. బంగారం తవ్విన రోజుల్లో వెలిగిన బీచ్‌వర్త్, చిల్టర్న్ ఇప్పుడు పక్కనున్న చిన్న లీగ్‌లో ఆడుతున్నాయి. న్యూ సౌత్ వేల్స్ వైపు కొరోవా, విక్టోరియా వైపు ద్రాక్షతోటల రూథర్‌గ్లెన్ విడివిడిగా నిలవలేక 1979లో కొరోవా-రూథర్‌గ్లెన్ అనే ఒక్క క్లబ్ అయ్యాయి. రెండు ఊళ్ల పేర్ల మధ్య పడిన ఆ చిన్న గీతలో ఒక నది, ఒక రాష్ట్ర సరిహద్దు ఉన్నాయి. 2020 జూలైలో కరోనా వల్ల ఆ సరిహద్దు మూసేశారు. 1919 ఫ్లూ తర్వాత అలా మూయడం అదే మొదలు. ఆ ఏడాది లీగ్ జరగనే లేదు.

2023లో కొరోవా-రూథర్‌గ్లెన్‌కు సీనియర్ జట్టుకు సరిపడా మనుషులే దొరకలేదు. ఆ ఏడాదికి తప్పుకుంది. అలా తప్పుకున్న పల్లె క్లబ్ మళ్లీ లేవడం కష్టం. ఇది 2024లో లేచింది. సొంత మైదానం కొరోవాలోని జాన్ ఫోర్డ్ ఓవల్. రూథర్‌గ్లెన్ వైపు కుర్రాళ్లు వాగున్యా దాకా వచ్చి నది దాటుతారు. సుంకం అడిగేవారు లేరు.