నలభై దాకా ఆగమంటే ఎలా?

అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు తన వయసు 41. అమ్మమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది. మా ఇంటి ఆడవాళ్ల తలరాత అనుకున్నాం. తలరాత కాదు, బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపమని అమ్మ రక్తపరీక్షలో తేలింది. అది బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. నాకు వచ్చింది. నాకిప్పుడు 28.

ఈ లోపం ఉన్న ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా, 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ బారిన పడతారని అంచనా. భయంతో ఓ స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే, "మీదేం వయసమ్మా, నలభై దాటాక మామోగ్రామ్‌కి రండి" అన్నారు. హమ్మయ్య అనుకుని వచ్చేశాను కూడా! ఆ సలహా మామూలు వాళ్లకే, నాలాంటి వాళ్లకి కాదని తర్వాత జెనెటిక్ కౌన్సెలర్ చెప్పారు.

ఎందుకంటే మామోగ్రామ్ ఎక్స్‌రేతో తీస్తారు. వయసులో ఉన్నవాళ్ల రొమ్ములో గ్రంథుల కణజాలం ఎక్కువ. అది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. పత్తి చేలో కొంగని వెతికినట్టన్నమాట! ఎంఆర్ఐ అలా కాదు. చేతి నరంలోకి గాడోలినియం మందు ఎక్కిస్తారు. క్యాన్సర్ గడ్డకి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి మందు అక్కడ చేరి మెరుస్తుంది. పైగా రేడియేషన్ ఉండదు. అందుకే ఈ లోపం ఉన్నవాళ్లు 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్ చేయించుకోవాలని అమెరికాలోని ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదిహేనో రోజు లోపు అయితే ఇంకా మంచిది.

నా మొదటి ఎంఆర్ఐలో చిన్న మచ్చ కనిపించింది. బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చేదాకా నిద్ర లేదు. చివరికి క్యాన్సర్ కాదన్నారు. ఈ స్కాన్‌తో ఇలాంటి ఉత్తుత్తి కంగార్లు మామూలేనట. ఇంకో సంగతి, స్కాన్ జబ్బుని ఆపదు. తొందరగా పట్టుకుంటుందంతే. మా సాఫ్ట్‌వేర్ భాషలో మానిటరింగ్ లాంటిది.

మావయ్యకి 24 ఏళ్ల కూతురుంది. మగవాళ్ల నుంచి కూడా ఈ లోపం పిల్లలకి వస్తుందని చెబితే, "పెళ్లి కావాల్సిన పిల్లకి ఇవన్నీ ఎందుకే?" అన్నాడు. "దానికొద్దు మావయ్యా, ముందు నువ్వు చేయించుకో. నీకు లేకపోతే నీ నుంచి దానికి వచ్చే ప్రశ్నే లేదు" అన్నాను. రెండు నెలలు మాట్లాడలేదు.

మొన్న సోమవారం వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడట. ఇంకా రిపోర్టు రాలేదు.