కత్తి పెడితే క్యాన్సర్ పాకదు

షుగర్ చెకప్‌కు వచ్చిన ఓ రిటైర్డ్ మాస్టారి ముక్కు పక్కన శనగగింజంత నల్లటి పొక్కు కనిపించింది. ‘ఏడాదిగా ఉంది డాక్టరుగారూ. చెక్కు కడుతుంది, ఊడుతుంది, కాస్త రక్తం వస్తుంది. నొప్పేమీ లేదు’ అన్నారు. బయాప్సీ చేయిస్తే బేసల్ సెల్ క్యాన్సర్ అని తేలింది. సర్జరీ అనగానే ఆయన భార్య కంగారుపడ్డారు. ‘కత్తి పెడితే ఒళ్లంతా పాకుతుందంటారు కదండీ!’ ఆ తర్వాత రెండేళ్లు వాళ్లు మా వైపు రాలేదు. పసర్లు, పూతమందులు వాడారు. తిరిగొచ్చేసరికి పొక్కు పుండై ముక్కు అంచును తినేసింది. నాలుగైదు కుట్లతో పోవాల్సినదానికి నుదుటి చర్మం తెచ్చి అతకాల్సి వచ్చింది.

కోస్తే పాకుతుందన్నది అపోహ. ముప్పు తెచ్చేది ఆలస్యమే. చాలా చర్మ క్యాన్సర్లకు మొదటి చికిత్స సర్జరీయే. అందులో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

ఆపరేషన్‌కు ముందు

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. వాటిని సొంతంగా ఆపొద్దు. షుగర్ అదుపులో ఉంచుకోండి. బీడీ, సిగరెట్ మానేయండి. పొగ వల్ల అతికించిన చర్మానికి రక్తం సరిగా అందదు.

ఆపరేషన్ రోజు

చిన్న గడ్డలకు ఆ చోట మాత్రమే మత్తు ఇస్తారు. సూది గుచ్చినప్పుడు మంట ఉంటుంది. తర్వాత లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. ‘ఇంత చిన్న పొక్కుకు ఇంత కోతా?’ అని చాలామంది అడుగుతారు. కంటికి కనిపించని కణాలు మిగలకుండా చుట్టూ కొంత మంచి చర్మం కూడా తీస్తారు. చిన్న బేసల్ సెల్ క్యాన్సర్‌కు సుమారు 4 మిల్లీమీటర్లు, ముదిరిన మెలనోమాకు లోతును బట్టి 1-2 సెంటీమీటర్లు. కుట్లు చదునుగా కుదరడానికి కోత పొడవు వెడల్పుకు మూడింతలు ఉంటుంది. గాయం పెద్దదైతే పక్క చర్మాన్ని జరిపి మూస్తారు, లేదా వేరేచోటి చర్మం అతికిస్తారు. చిన్న సర్జరీ అయితే అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు.

ఇంటికొచ్చాక

* రెండు మూడు రోజులు నొప్పి, వాపు మామూలే. ముఖం మీద అయితే కళ్లు ఉబ్బొచ్చు.
* రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో 15-20 నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కి పట్టండి. ఆగకపోతే ఆస్పత్రికి రండి.
* పసుపు, కాఫీపొడి అద్దొద్దు. అతికించిన చర్మం మీది కట్టు సొంతంగా విప్పొద్దు.
* ముఖం కుట్లు 5-7 రోజుల్లో, ఒంటి మీద, కాళ్ల మీద 10-14 రోజుల్లో తీస్తారు.
* చీము, జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే వెంటనే చూపించుకోండి.

రిపోర్టు మరవొద్దు

కుట్లు తీశాక చాలామంది మళ్లీ రారు. అసలు సంగతి తేలేది తీసిన ముక్క రిపోర్టులోనే. ‘అంచుల్లో క్యాన్సర్ లేదు’ అని ఉందా అని డాక్టరును అడగండి. అంచుల్లో క్యాన్సర్ ఉంటే మరికొంత తీయడమో, రేడియేషనో అవసరం కావొచ్చు. తర్వాత కూడా చెప్పిన గడువుకు చూపించుకోవాలి. ఒకసారి వచ్చినవారికి మరోచోట వచ్చే అవకాశం ఉంటుంది.

ఖర్చు గురించి భయపడి ఆగిపోకండి. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో చెబుతారు.

మానని పుండు, మారుతున్న మచ్చ, పాత కాలిన మచ్చ మీద లేచిన గడ్డ, అరికాలులోనో గోరు కిందో పెరుగుతున్న నల్లమచ్చ... వీటిలో ఏది నెల దాటినా చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. మాస్టారికీ నొప్పి లేదు.