సూక్ష్మచరిత్ర – సామాన్యుని కథ

చరిత్ర యనగానే రాజవంశములు, దండయాత్రలు, సంధిపత్రములు స్ఫురించును. ఆ దండు నడచిన దారిలోని పల్లెలో పిండి విసరినవాడెవడు, వాడు లోకమును గూర్చి ఏమి తలచెను అను ప్రశ్నకు పెద్ద చరిత్రలలో సమాధానము దొరకదు. ఒక్క గ్రామమునో, ఒక్క వ్యాజ్యమునో, ఒక్క మనుష్యునో తీసికొని, దొరికిన ప్రతి కాగితమును పరిశీలించి, దాని మూలమున ఒక కాలపు జీవితమునంతటిని గ్రహింప యత్నించు రచనలు గత యర్ధశతాబ్దిలో అనేకము వెలువడినవి. వీనిని సూక్ష్మచరిత్రలందురు. ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవారిలో ఇటలీ చరిత్రకారులు ముఖ్యులు. విషయము చిన్నదైనంత మాత్రమున గ్రంథము సూక్ష్మచరిత్ర కానేరదు. చిన్న విషయమును పెద్ద ప్రశ్న అడుగుటయే దీని లక్షణము.

ఈ కోవలో మొదట చదువదగినది కార్లో గింజ్‌బర్గ్ 1976లో ప్రకటించిన ‘జున్నును, పురుగులును’ అను గ్రంథము. దీనికి నాయకుడు దొమెనికో స్కాందెల్లా. ఊరివారు మెనోక్కియో యని పిలిచెడివారు. ఇతడు 1532లో ఉత్తర ఇటలీయందలి ఫ్రియూలి మండలమున, మోంతెరెయాలె యను పల్లెలో జన్మించెను. పిండిమర నడుపుట వృత్తి. వడ్రంగము, తాపీపని కూడ చేసెడివాడు. 1581లో గ్రామపెద్దగా నుండెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, అతనికి చదువను వ్రాయను వచ్చును.

ఆ చదువే అతనికి చేటు తెచ్చెను. బైబిలు, మాండవిల్ యాత్రాగ్రంథము, బొకాచియో కథలు మొదలైన పుస్తకములను కొన్ని కొని, కొన్ని ఎరువు తెచ్చుకొని చదివెను. చదివినదానిని తనలో మథించి ఊరివారితో వాదమునకు దిగెడివాడు. పాలు పేరుకొని జున్నైనట్లు ఆదిలో మన్ను, నీరు, నిప్పు, గాలి కలగలిసి ముద్దకట్టినవట. జున్నులో పురుగులు పుట్టినట్లు ఆ ముద్దనుండి దేవదూతలు పుట్టిరట. దేవుడును వారితోడనే పుట్టెనట. ఇదియే అతని సృష్టిసిద్ధాంతము. 1583లో మతవిచారణ న్యాయస్థానమునకు ఫిర్యాదు చేరెను. మరుసటి యేట విచారణలో తక్కువ మాటలాడి బయటపడుమని హితులు చెప్పినను వినక, మెనోక్కియో తన తలపులన్నిటిని విప్పి చెప్పెను. చదువుకొన్న శ్రోతలు అతనికి దొరికినది అక్కడనే. ఫలితము చెరసాల. 1586 ఆరంభమున విడుదలయ్యెను గాని, శిలువ గుర్తుగల వస్త్రము ధరింపవలెననియు, ఊరు విడిచి పోరాదనియు ఆజ్ఞ యయ్యెను.

1599లో అతడు మరల పట్టువడెను. అప్పటికి ముదుసలి. ఆ విచారణలో అతడు చెప్పిన యుంగరముల కథ గ్రంథమునకు ప్రాణము వంటిది. ఒక ప్రభువు తన యుంగరము ఎవరియొద్ద నుండునో వాడే వారసుడని ప్రకటించెను. కుమారులు ముగ్గురగుటచే అచ్చముగా అట్టివే మరి రెండు చేయించి తలకొకటి యిచ్చెను. ప్రతివాడును తనదే నిజమైనదనుకొనెను. దేవుడును క్రైస్తవులకు, తురుష్కులకు, యూదులకు అట్లే చేసెననియు, ఏది నిజమో తెలియదనియు ముదుసలి వాదించెను. ఇది బొకాచియో కథలలోనిదే. కాని అక్కడ వినోదముగా చదువబడునది ఇక్కడ ప్రాణములకు తెగించి చెప్పబడెను. ఆ యేటనే, చిత్రహింసల తరువాత, అతనికి మరణదండన విధించిరి.

మెనోక్కియో మాట నేడు వినవచ్చుటకు కారణము ఆ న్యాయస్థానపు లేఖకుడు ప్రశ్నలను, జవాబులను వ్రాసియుంచుటయే. శిక్షింపబడని వేలకొలది పిండిమరవారి తలపులు వారితోనే పోయినవి. కాబట్టి ఇట్టి గ్రంథములు చదువువారు జవాబుతోపాటు ప్రశ్నను కూడ పరికింపవలెను. అడిగినవాడెవడు, చెప్పినవానికి ఏమి భయము కలదు అని విచారింపవలెను. గింజ్‌బర్గ్ చేసిన పని ఇదియే. మెనోక్కియో చదివిన పుటలను, అతడు జ్ఞాపకముంచుకొని చెప్పిన మాటలతో సరిపోల్చి చూచెను. రెంటికిని గల భేదములో అక్షరములకెక్కని గ్రామీణ సంస్కృతి యొకటి తనకు కనిపించుచున్నదని వాదించెను. ఈ నిర్ణయమును పండితులందరును అంగీకరింపలేదు.

అమెరికా చరిత్రకారిణి నటాలీ జీమన్ డేవిస్ 1983లో ప్రకటించిన ‘మార్టిన్ గెర్ పునరాగమనము’ ఈ చిక్కును మరింత విశదము చేయును. పదునారవ శతాబ్దిలో దక్షిణ ఫ్రాన్సునందలి ఆర్తిగా గ్రామమునుండి మార్టిన్ గెర్ ఇల్లు విడిచిపోయెను. కొన్నియేండ్లకు మరియొకడు తానే మార్టిన్‌నని వచ్చి, అతని భార్య బెర్త్రాందుతో కాపురము చేసెను. 1560లో వ్యాజ్యము తూలూజు న్యాయస్థానమున నడుచుచుండగా అసలు మార్టిన్ కొయ్యకాలితో వచ్చి నిలిచెను. వంచకుని ఉరితీసిరి. బెర్త్రాందు నిజముగా మోసపోయెనా, తెలిసియే ఊరకుండెనా? తెలిసియేయని డేవిస్ అభిప్రాయము. ఆధారములు అంతవరకు పోవని రాబర్ట్ ఫిన్లే 1988లో ఆక్షేపించెను. తన రచనలో కొంత ఊహ కలదని డేవిస్ ముందే యొప్పుకొనెను. నవలాకారుడు ఖాళీని కల్పనతో పూరింపవచ్చును. చరిత్రకారుడు ఇది ఖాళీయని చెప్పి, ‘కాబోలు’ అని వ్రాయవలెను. ఆ ‘కాబోలు’లను లెక్కపెట్టుచు చదువుటయే ఈ గ్రంథములు నేర్పు విద్య.

ఇట్టి రచనలకు న్యాయస్థానపు కాగితములే ఆధారములు కానక్కరలేదు. తెలుగునాట కాలిన్ మెకంజీ పక్షమున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులు కలవు. ఊరు పుట్టిన విధము, దేవాలయములు, మాన్యములు, ప్రభువుల మార్పులు వానిలో కానవచ్చును. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ జనుల ఆటపాటలను, తిండితీర్థములను కావ్యములనుండి వెదకి తీసి, శతాబ్దుల కాలమును ఒక్కచో చూపెను. ఒక్క కైఫీయతును ముందిడుకొని ఒక్క ఊరినే త్రవ్వుట వేరొక పని. కాని కైఫీయతునకు సమాచారమిచ్చినవారిలో కరణములు ముఖ్యులు. వారి కలము మాన్యపు హద్దులను మరువలేదు. ఆ మాన్యమును దున్నిన పాలేరు పేరు అందు వెదకినను దొరకుట యరుదు. మెనోక్కియో కథ చదివినవాడు కైఫీయతు తెరచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఆ పాలేరును గూర్చియే.