చెవికి తగిన ఇయర్‌ఫోన్ – జేబుకు తగిన ధర



ఒకప్పుడు హాస్టల్ విద్యార్థి ట్రంకు పెట్టెలో కంచం, గ్లాసు, దుప్పటి, పుస్తకాలు ఉంటే చాలు. ఇప్పుడు పదో తరగతి దాటి కాలేజీ హాస్టల్‌కు వెళ్లే విద్యార్థికి ఇంకో వస్తువు కూడా అవసరమైంది. అదే ఇయర్‌ఫోన్. పాటల కోసమే కాదు, పాఠాల కోసం కూడా. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో, ఇంకా ఎన్నో కోర్సులు 2017లో మొదలైన స్వయం పోర్టల్‌లో ఉచితంగా వినవచ్చు. పోటీ పరీక్షల తరగతులూ ఫోన్‌లోనే, ఉద్యోగాల ఇంటర్వ్యూలూ ఫోన్‌లోనే. ఒక్కో గదిలో పది మంది ఉండేచోట ఫోన్ స్పీకర్ పెట్టి పాఠం వింటే మిగతా తొమ్మిది మంది చదువు పాడవుతుంది కదా!

నాతో డిగ్రీ చదివిన ఒక మిత్రుడు రోడ్డు పక్క పెద్ద కంపెనీ పేరున్న ఇయర్‌ఫోన్ 150 రూపాయలకు కొన్నాడు. పాటలు బాగానే వినిపించాయి. నెల తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది. అవతలి వాళ్లకు వీడి మాట గరగరలాడుతూ వినిపించింది. మూడుసార్లు "మళ్లీ చెప్పండి" అని, నాలుగోసారి కాల్ పెట్టేశారు. జవాబులు తెలిసీ ఆ ఉద్యోగం పోయింది. మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్లి అమ్మానాన్నలు పంపే డబ్బుతో చదివే మనకు రెండు వందలైనా, ఐదు వందలైనా పెద్ద మొత్తమే. అది వృథా కాకూడదన్నదే నా ఉద్దేశం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఇటువంటివి చెప్పేవాళ్లు ఇంట్లో లేకపోతే ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను గనుక, నాకు తెలిసింది మీతో పంచుకుంటాను.

ముందు అవసరం తేల్చుకోండి

దుకాణానికి వెళ్లే ముందు "నాకు ఇది దేనికి?" అని ప్రశ్నించుకోండి. పాఠాలు, ఫోన్ మాటలు, అప్పుడప్పుడు పాటలు – ఇంతే అయితే తీగ ఉన్న ఇయర్‌ఫోన్ చాలు. పేరున్న కంపెనీలవి దాదాపు 300 నుంచి 600 రూపాయల లోపు దొరుకుతాయి. వీటికి చార్జింగ్ అక్కర్లేదు. ఇరవై మందికి నాలుగు ప్లగ్గులున్న హాస్టల్లో అది చిన్న సుఖం కాదు.

మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్లు సుమారు వెయ్యి రూపాయల ప్రాంతంలో ఉంటాయి. ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి, పని చేసుకుంటూ మాట్లాడేవారికి అనుకూలం. తీగే లేని చిన్న బడ్స్ చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఒకటి పోతే జత పోయినట్టే. పైగా వాటిలోని చిటికెడు బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. దాన్ని మార్చటం దాదాపు కుదరదు. 400 రూపాయల తీగ ఇయర్‌ఫోన్ రెండేళ్లు వస్తే ఏడాదికి 200 పడింది. 1,500 రూపాయల బడ్స్ రెండేళ్లు వస్తే ఏడాదికి 750. లెక్క మీరే చూసుకోండి.

మీ ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే యూఎస్‌బీ-సి పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్ గానీ, అడాప్టర్ గానీ కావాలి. అన్ని అడాప్టర్లూ అన్ని ఫోన్లకూ పనిచేయవు. కాబట్టి మీ ఫోన్‌కే పెట్టి చూసి కొనండి. ఇంకో సంగతి. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లకు మైకుకు ఒక రంధ్రం, స్పీకర్‌కు ఒక రంధ్రం వేరువేరుగా ఉంటాయి. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే మైకు, స్పీకర్లు రెండూ ఒకే పిన్నులో ఉన్నట్టు. అటువంటి కంప్యూటర్‌లో దాని మైకు పనిచేయాలంటే రెండుగా చీలే చిన్న తీగ కొనుక్కోవాలి.

పెట్టె మీది అంకెలు

నూజివీడు రసాలు కొనేటప్పుడు రంగు చూసి మోసపోయేవాళ్లం కాదు మనం. కార్బైడ్ వేసిన కాయ పైకి పసుపుగా, లోపల పుల్లగా ఉంటుందని మన ప్రాంతంలో చిన్న పిల్లవాడికీ తెలుసు. అందుకే ముచ్చిక దగ్గర వాసన చూస్తాం. పెట్టె మీద అంకెలు కూడా రంగు లాంటివే. వాటి అర్థం తెలిస్తే మోసపోము.

"20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. మనిషి చెవి వినగలిగే పరిధి అదే. మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనితోనే మాటను అర్థమయ్యేలా అందించేది. కాబట్టి పాఠం వినటానికి ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

"ఓమ్స్" అంటే నిరోధం. ఫోన్‌కు 16 గానీ 32 గానీ సరిపోతుంది. స్టూడియోల్లో వాడే 250 ఓమ్స్ హెడ్‌ఫోన్ మన ఫోన్‌కు పెడితే శబ్దం సన్నగా వస్తుంది. "డ్రైవర్ 10 మిల్లీమీటర్లు" అంటే లోపలి బుల్లి స్పీకర్ సైజు. పెద్దదైనంత మాత్రాన మంచిదని కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేవి ఈఎన్‌సీ, ఏఎన్‌సీ అనే రెండు మాటలు. ఈఎన్‌సీ మీ మైకులోకి వచ్చే గోలను తగ్గిస్తుంది. దాని లాభం అవతల వినేవారికి. ఏఎన్‌సీ మీ చెవికి వచ్చే గోలను తగ్గిస్తుంది. బయటి శబ్దాన్ని చిన్న మైకుతో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బస్సు ఇంజను, ఫ్యాను వంటి ఎడతెగని హోరు మీద ఇది బాగా పనిచేస్తుంది. పక్కవాడి కబుర్ల మీద అంతగా పనిచేయదు. చౌక పెట్టెల మీద ఈఎన్‌సీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చూసి గది గోల ఆగిపోతుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

అసలుదో నకిలీదో

విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, మన మైలవరం సెంటర్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పెట్టెను తిప్పి చదవండి. తయారుచేసిన లేదా దిగుమతి చేసిన సంస్థ పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఏ నెల, ఏ సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరు – ఇవన్నీ ఉండాలి. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద ఒక్క రూపాయి ఎక్కువ అడగకూడదు. బ్లూటూత్ రకాలకైతే భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుదో చూపిస్తుంది.

"ఎమ్మార్పీ 4,990, ఈ రోజు మాత్రం 999" అనే ప్రకటన చూసి నాలుగు వేలు మిగిలాయని సంబరపడకండి. ఎమ్మార్పీ వేసేది కంపెనీయే. వస్తువు విలువ 999 రూపాయలే అనుకుని, ఆ ధరకు వేరే ఏమేమి దొరుకుతాయో పోల్చి చూడండి. ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు చదివేటప్పుడు ఐదు నక్షత్రాలవి వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. ఆరు నెలలు వాడి రాసినవాళ్ల మాట విలువైనది.

దుకాణంలో అయితే మొహమాటపడకండి. "బాబాయ్, ఒకసారి విని చూస్తాను" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. ఘంటసాల గారిదైనా, బాలు గారిదైనా గొంతు స్పష్టంగా ఉందా, స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా చూడండి. రెండు వైపులా సమానంగా వినపడాలి. పిన్ను దగ్గర తీగను కొంచెం కదిలించండి, శబ్దం ఆగకూడదు. తర్వాత ఫోన్ రికార్డర్‌లో నాలుగు మాటలు మాట్లాడి వినండి. మైకు సంగతి అక్కడే తేలిపోతుంది. నా మిత్రుడు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ ఇంటర్వ్యూ అలా పోయేది కాదు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకుండా వారంటీ అడగటం కష్టం. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు విలువైన వస్తువుల కేసులకు రుసుము లేదు. మూడు వందల వస్తువుకైనా హక్కు హక్కే.

చెవి పోతే మళ్లీ రాదు

ఇయర్‌ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. చెవి అలా కాదు. మన లోపలి చెవిలో ఒక్కో వైపు దాదాపు 15,000 వెంట్రుక కణాలుంటాయి. ధ్వనిని నాడులకు అందించేవి అవే. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు మించకూడదని చెప్పింది. పిల్లలకైతే 75 డెసిబెల్సే. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి వినే సమయం సగానికి తగ్గాలి. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. వారం మొత్తానికి అంతే!

మనం వాల్యూం ఎందుకు పెంచుతాం? చుట్టూ గోల ఉండబట్టి. అందుకే చెవి రంధ్రంలో సరిగ్గా అమరే రబ్బరు మూతలున్న రకం మేలు. పెట్టెలో సాధారణంగా మూడు సైజులు ఇస్తారు. చాలామంది ముందే తొడిగి ఉన్నదాన్నే వాడి మిగతావి పారేస్తారు. మూడూ పెట్టి చూడండి. సరైన సైజు దొరికితే బయటి గోల తగ్గుతుంది, పాటలో బేస్ పెరుగుతుంది, వాల్యూం తగ్గించుకోవచ్చు. పైసా ఖర్చు లేని లాభం ఇది. విన్న తర్వాత చెవిలో గుయ్ మని మోగితే అది హెచ్చరిక. అలా రోజూ జరిగితే చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు

చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌కు తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినకండి. నాసిరకం చార్జర్ లోపల ఇన్సులేషన్ పోతే 230 వోల్టుల కరెంటు తీగ వెంట చెవి దాకా రాగలదు. మన ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన నడిచేటప్పుడు రెండు చెవులూ మూసుకోకండి. వెనుక లారీ హారన్ వినపడాలి.

ఇయర్‌ఫోన్‌ను ఫోన్ చుట్టూ బిగించి చుట్టకండి, తీగ తెగేది పిన్ను దగ్గరే. వదులుగా చుట్టి చిన్న డబ్బాలో పెట్టి ట్రంకు పెట్టెలో దాచుకోండి. ఒకరిది ఇంకొకరు వాడాల్సి వస్తే రబ్బరు మూతలు తీసి, కడిగి, బాగా ఆరబెట్టి ఇవ్వండి. ఒకే పాఠం ఇద్దరు వినాలంటే ఒక ఫోన్‌కు రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే చిన్న తీగ తక్కువ ధరకే దొరుకుతుంది. కొనలేని మిత్రుడు గదిలో ఉంటే ఆ తీగ తెచ్చుకుని, పాఠం కలిసి వినండి. అన్నం పంచుకుని పెరిగిన మనకు పాఠం పంచుకోవటం కష్టం కాదు గదా!

పూర్వ విద్యార్థి అన్నలకు చిన్న మనవి. ఏటా హాస్టల్‌కు నోటు పుస్తకాలు, పెన్నులు తెస్తున్నారు, సంతోషం. ఈసారి కంప్యూటర్ గదికి మైకు ఉన్న గట్టి హెడ్‌ఫోన్లు ఒక అయిదారు తెస్తే తమ్ముళ్లు ఇంగ్లీషు వినటం, మాట్లాడటం సాధన చేసుకుంటారు.

మంచి మాట వినాలంటే మంచి చెవి కావాలి. చెవిని కాపాడుకుంటూ, డబ్బును కాపాడుకుంటూ బాగా చదువుకుని, మీ ఇంట్లో మీరే మొదటి గ్రాడ్యుయేట్లు కావాలని మనసారా కోరుకుంటున్నాను.