పిల్లలకి మష్రూమ్స్ ఎప్పుడు పెట్టాలి? ఎలా పెట్టాలి? ఏవి అస్సలు పెట్టకూడదు?

ఈ ఎపిసోడ్ ఇంట్లో ఏడాది, రెండేళ్ల పిల్లలున్న వాళ్ల కోసం. మా అక్క వాళ్ల పాపకి అన్నం మొదలుపెట్టాక ఇంట్లో పెద్ద చర్చ. అక్కేమో "మష్రూమ్స్‌లో ప్రోటీన్ ఉంటుంది, పెడదాం" అంటుంది. అమ్మమ్మేమో "పుట్టకొక్కులు పసిపిల్లకా? వద్దే తల్లీ" అంటుంది. నిజానికి ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

ముందు అక్క మాట చూద్దాం. వంద గ్రాముల బటన్ మష్రూమ్స్‌లో దాదాపు 90 గ్రాములు నీళ్లే. ప్రోటీన్ సుమారు 3 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. అంటే 200 గ్రాముల పాకెట్ మొత్తం తింటే ఒక గుడ్డుతో సమానం అన్నమాట. అంత ఏ పిల్లా తినదు. బి విటమిన్లు, పొటాషియం, సెలీనియం ఉంటాయి, మంచిదే. కానీ పప్పు, గుడ్డు మానేసి ఇది పెట్టడం మాత్రం కరెక్ట్ కాదు. వాటికి తోడుగా పెట్టండి.

మరి ఎప్పుడు? ఆరు నెలలు నిండాకే పాలతో పాటు వేరే ఆహారం మొదలుపెడతాం కదా. మష్రూమ్స్‌కి అప్పుడే తొందర లేదు. అన్నం, పప్పు, కూరగాయలు, గుడ్డు బాగా అలవాటయ్యి, మెత్తటి ముక్కలు నమిలి మింగడం వచ్చాక పెడితే చాలు. ఎందుకంటే మష్రూమ్ గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేది కూడా ఇదే. పచ్చిగా ఉంటే పెద్దవాళ్లకే సరిగ్గా అరగదు. పైగా ముక్క జారుడుగా, రబ్బరులా ఉంటుంది, గొంతులో అడ్డం పడొచ్చు.

అందుకే ఇలా చేయండి. వండే ముందు కుళాయి కింద కడిగి, కాడ చివర కోసేసి, వీలైనంత సన్నగా తరగండి. కొంచెం నెయ్యిలో మూతపెట్టి పది, పన్నెండు నిమిషాలు బాగా మగ్గనివ్వండి. పెసరపప్పు అన్నంలో వేసి మెత్తగా మెదపండి. ఏడాదిలోపైతే ఉప్పు వద్దు. కారం అసలే వద్దు. మిర్చి యార్డు పక్కన పుట్టినంత మాత్రాన పసినాలుక కారానికి రెడీగా ఉండదండీ!

మొదటి రోజు ఒక్క టీస్పూను, అదీ పగటిపూట పెట్టండి. తర్వాత మూడు రోజులు ఇంకో కొత్త పదార్థం ఇవ్వకండి. కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, ఒకేసారి రెండు మార్పులు చేస్తే బగ్ దేనివల్ల వచ్చిందో తెలీదు. ఇదీ అంతే. దద్దుర్లు, వాంతులు వస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అమ్మమ్మ భయం. పుట్ట మీద గొడుగులా మొలుస్తుంది కాబట్టే పుట్టగొడుగు అన్నారు. తొలకరి పడగానే మన నల్లరేగడి చేలగట్ల మీద, పుట్టల దగ్గర ఇవి కనిపిస్తాయి. వాటిలో తినేవీ ఉంటాయి, ప్రాణం తీసేవీ ఉంటాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు.

"వెండి నాణెం నల్లబడకపోతే మంచివే", "పురుగు తింటే మనమూ తినొచ్చు", "బాగా ఉడికిస్తే విషం పోతుంది". ఈ మూడూ తప్పే. అమనిటా జాతిలోని ప్రమాదకరమైన రకాల విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మర్నాడు తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అందుకని "తగ్గిందిలే" అని ఇంట్లో కూర్చోకూడదు. మిగిలిన ముక్క ఉంటే పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల శరీరం చిన్నది, కొద్ది విషమే ఎక్కువవుతుంది.

ఇంకో సంగతి. పత్తికి, మిర్చికి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు తెలుసు. పుట్టగొడుగు నేలలో ఉన్న లోహాల్లాంటివాటిని కూడా పీల్చుకుంటుంది. కాబట్టి మంచి రకమే అయినా, చేలో మొలిచింది పిల్లలకి వద్దు.

పెంచినవే కొనండి. బటన్, ముత్యపుచిప్ప, పాల పుట్టగొడుగు, ఏదైనా పర్లేదు. పాల పుట్టగొడుగు 30 డిగ్రీల పైన కూడా పెరుగుతుంది, మన వేడికి సరిపోతుంది. తెల్లగా, గట్టిగా ఉన్నవి చూసి తీసుకోండి. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా పారేయండి. ఫ్రిజ్‌లో కాగితం కవర్లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

మొత్తానికి మా ఇంట్లో తీర్పు ఇదీ: పాకెట్‌లోవి, బాగా ఉడికించి, కొంచెం కొంచెంగా అయితే ఓకే. గట్టు మీదవి అయితే అమ్మమ్మ మాటే ఫైనల్. వానలు మొదలయ్యేలోపు మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఇది ఒకసారి వినిపించండి.